కొంచెం పెద్దది చెయ్యమ్మా

9వ తేదీ, సోమవారం

కాళ్లు నేల మీద ఆనడం లేదు. రాద్దామని కూర్చుంటే కుర్చీలోనూ ఆనడం లేదు.

పెద్ద లైబ్రరీ వాళ్లు కొత్త వెబ్‌సైటు చేయించుకుంటున్నారు. చేస్తామని అడిగినవాళ్లు బోలెడుమంది, ఏరింది ముగ్గుర్ని, ఆ ముగ్గురిలో నేనొకదాన్ని. నా లైబ్రరీ అది. చిన్నప్పుడు సెలవులన్నీ దాని మెట్ల మీదే గడిచాయి. పిల్లల గదిలో కిటికీ పక్కనున్న బల్ల మీద నా పేరు చెక్కి ఉంది. ఎవరు చెక్కారో ఇప్పటిదాకా ఎవరూ కనిపెట్టలేదు, పేరు తప్ప వేరే సాక్ష్యం లేదు మరి.

ఈ ఒక్క పని వస్తే చాలు, జీవితంలో ఇంకేమీ అడగను. (పోయిన నెలలో కూడా ఇంకో విషయంలో ఇదే మాట రాసినట్టున్నాను. అది లెక్కలోకి రాదు.)

లైబ్రేరియన్ మేడమ్ మెయిల్లో ఒక షరతు పెట్టారు. ఫొటోలూ స్క్రీన్‌షాట్లూ వద్దట. నేను చేసిన సైట్లు ఇప్పుడెలా నడుస్తున్నాయో, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తెరిచి చూస్తారట. వచ్చే మంగళవారం, పదకొండింటికి. అంతకంటే కావాల్సిందేముంది? నా పనుల పేజీలోంచి మూడు లింకులు తీసి వెంటనే పంపేశాను: ముందు పళ్ల డాక్టరు గారిది, తర్వాత కేకుల షాపుది, ఆఖర్న డ్రైవింగ్ స్కూలుది. మూడూ కన్నబిడ్డల్లాంటివి. మూడింటి కిందా "రూపకల్పన: నేను" అని చిన్న అక్షరాలతో, అణకువగా ఉంటుంది.

"పంపే ముందు ఒకసారి తెరిచి చూసుకోవాల్సింది," అంది వదిన, వాషింగ్ మెషీన్లో బట్టలు కుక్కుతూ. నా ఆఫీసూ వదిన వాషింగ్ మెషీనూ ఒకే బాల్కనీలో ఉంటాయి కాబట్టి, నా ప్రతి విజయానికీ మొదటి విమర్శ అక్కడే వస్తుంది.

"నేను చేసినవి నేను చూసుకోవడమేంటి వదినా?"

వదిన నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

10వ తేదీ, మంగళవారం, పొద్దున

చూడలేదు. చూడాల్సిన పని లేదు.

అదే రోజు, రెండో కాఫీ తర్వాత

చూడలేదు.

అదే రోజు, సాయంత్రం

చూశాను.

పళ్ల డాక్టరు గారికి నేను చేసిచ్చింది పాలలాంటి తెల్లటి పేజీ. మధ్యలో ఒక్క మాట: "నొప్పి లేకుండా." అంతే. ఆ మాట చుట్టూ ఎంత ఖాళీ ఉండాలో తేల్చుకోవడానికి నాకు నిద్రాహారాలు లేకుండా పోయాయి. ఇప్పుడక్కడ ఎర్రటి అక్షరాలు కుడి నుంచి ఎడమకి పరిగెడుతున్నాయి. వాటి కింద ఒక పన్ను డాన్స్ చేస్తోంది. పన్నుకి చేతులున్నాయి, కాళ్లున్నాయి, కాళ్లకి బూట్లున్నాయి, నెత్తిన టోపీ ఉంది. ఎడమకాలు తాళం తప్పుతోంది.

కేకుల షాపు సైటు తెరవగానే పాట మొదలైంది. మౌస్ ఎటు కదిపితే అటు చెర్రీలు రాలుతున్నాయి. డ్రైవింగ్ స్కూలు సైటులో మౌస్ బాణం పోయి స్టీరింగ్ వచ్చింది, ఎక్కడ నొక్కినా హారన్ మోగుతోంది. మూడింట్లోనూ అక్షరాలు ఉబ్బిపోయి ఉన్నాయి. ఈ వృత్తిలోకి వచ్చినప్పటి నుంచి నేను విన్నది ఒకటే మాట, బాగుంది కానీ కొంచెం పెద్దది చెయ్యమ్మా అని. నేను చెయ్యనన్నవన్నీ నా వెనకాల చేసేసుకున్నారు.

ఏడుద్దామనుకునేలోపే వదిన వచ్చి వెనక నిలబడింది. నవ్వీ నవ్వీ క్లిప్పుల డబ్బా కింద పడేసింది.

"ఈ పన్ను అచ్చం మీ అన్నయ్యలా ఆడుతోందే!"

నిజమే. అన్నయ్యకి కూడా ఎడమకాలే.

11వ తేదీ, బుధవారం

డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. మాట్లాడాలని చెప్తే, "ఎలాగూ వచ్చావు, కూర్చో" అని కుర్చీ వెనక్కి వాల్చేశారు. నా గోడంతా నోరు తెరుచుకునే వెళ్లబోసుకున్నాను. నా వాదన సగం ఆయన అద్దానికి తగిలి ఆగిపోయింది.

"ఖాళీగా ఉంది కదమ్మా, అందుకని పెట్టించాను."

"ఆ ఖాళీయే కదండీ డిజైను." (ఇది ఆయనకి వినిపించింది "ఆ ఆఈఏ హహంహీ" అని.)

"ఖాళీ జాగా కనబడితే ఎవరో ఒకరు ఆక్రమిస్తారమ్మా. ఆ పనేదో మనమే చేస్తే పోలా?"

పన్నుని చేసింది ఎవరని అడిగాను. వాళ్ల కాంపౌండరు బావమరిది అట. పేరు కనుక్కోలేదు. కనుక్కుంటే మంచిది కాదు, నాకైనా అతనికైనా.

నా పళ్లు మాత్రం భేషుగ్గా ఉన్నాయన్నారు. లైబ్రరీ సంగతి చెప్పి, మంగళవారం ఒక్క పూట నా పాత పేజీ పెట్టుకోనివ్వమని బతిమాలాను. ఆయన మంచివారు. మంగళవారం, పన్నెండు దాకా, అన్నారు. "ఆ తర్వాత మాత్రం మా పన్ను మాకిచ్చెయ్యాలి. దానికి అభిమానులున్నారు."

జోకేశారు పాపం.

12వ తేదీ, గురువారం

కేకుల అక్క కూడా ఒప్పుకుంది. "నీ ఇష్టం చెల్లీ, కానీ తర్వాత చెర్రీలు మళ్లీ రాలాలి." డ్రైవింగ్ మాస్టారు కారులో ఉన్నారు, పక్కన ఎవరికో నేర్పిస్తున్నారు, కిటికీలోంచే అడిగాను. "అలాగే, అలాగే. బ్రేకు, బ్రేకు! నీక్కాదమ్మా, నువ్వు కానియ్యి."

కానిస్తాను. ఇంత సులువని తెలిస్తే మంగళవారం నాడు అంత దిగులు పడేదాన్నే కాదు. పడలేదనుకోండి.

13వ తేదీ, శుక్రవారం

ఇవాళ రిహార్సల్. ఒప్పుకున్నది మంగళవారానికే, నాకు గుర్తుంది. కానీ కొత్త చెప్పులు కొంటే బయటికెళ్లే ముందు ఇంట్లో నాలుగడుగులు వేసి చూసుకుంటాం కదా. ఇదీ అంతే.

పాత కాపీలన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. వాటిల్లో అన్నిటికంటే పాతవి తీశాను, వాళ్లకి ఇంకా చూపించకముందువి, ఎవరి చెయ్యీ పడనివి. పాస్‌వర్డులు నేను పెట్టినవే, ఎవరూ మార్చుకోలేదు. మూడూ ఎక్కించి, మూడూ తెరిచి, బాల్కనీలో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను.

ఎంత బాగున్నాయో. తెల్లగా, తీరుగా, ఊపిరి పీల్చుకుంటున్నట్టు. కాకిపిల్ల కాకికి ముద్దంటే అననీ, నా పిల్లలు కాకిపిల్లలు కారు.

సాయంత్రానికి తీసేస్తా.

అదే రోజు, సాయంత్రం

రేపు తీసేస్తా.

14వ తేదీ, శనివారం

ఫోన్ మోగింది. "కేకుల షాపేనా అండీ?"

కాదన్నాను. మళ్లీ మోగింది. మళ్లీ కాదన్నాను. మూడోసారి ఆవిడ కసిరింది, "మీ సైటులో మీరే నంబరు పెట్టుకుని మీరే కాదంటే ఎలా?" అని. చూద్దును కదా, ఆ పాత కాపీలో షాపు నంబరు చోట ఉన్నది నా నంబరు. అక్క నంబరు ఇంకా ఇవ్వని రోజుల్లో, చోటు ఎలా ఉంటుందో చూద్దామని పెట్టుకున్నది. దాని పైన "ఇక్కడ తియ్యగా రెండు ముక్కలు రాయాలి" అని కూడా ఉంది. అదీ నేను రాసుకున్నదే.

మార్చేద్దామనే కూర్చున్నాను. కానీ అక్కకి రెండు నంబర్లు. రెండూ పెడితే వరుస కిందకి జారుతుంది, జారితే ఎడమవైపు బరువెక్కిపోతుంది, పేజీ అందమంతా చెడుతుంది. పెట్టి చూశాను. చెడింది. తీసేశాను.

నాలుగో ఫోన్ వచ్చింది. "అవునండీ, కేకుల షాపే. చెప్పండి," అన్నాను.

15వ తేదీ, ఆదివారం

పొద్దుట్నుంచీ కేకులే. ఎవరు ఏం అడిగినా రాసుకుని అక్కకి పంపిస్తున్నాను. నేను స్నానానికి వెళ్తే వదిన ఫోన్ ఎత్తింది. వదినకి లేదు అనడం చేతకాదు.

"నీలం రంగు ఏనుగు కేకు కావాలట. మంగళవారం మధ్యాహ్నానికి. చేస్తామన్నాను."

"ఏనుగా? అక్క గుండ్రటివీ పలకలవీ తప్ప చెయ్యదు వదినా."

"ఏనుగు గుండ్రంగానే ఉంటుంది కదే. ఆఁ, ఇంకోటి, నవ్వుతూ ఉండాలట."

అక్కకి చెప్పాను. అవతల గిన్నె ఏదో కింద పడ్డ చప్పుడైంది. తర్వాత, "తొండం ఎటుండాలో కనుక్కో చెల్లీ," అంది.

నంబరు మారిస్తే ఒక్క నిమిషం పని. తెలుసు. సైటు మాత్రం ముద్దొస్తోంది. రేపు తీసేస్తా. రేపు సోమవారం, ఎల్లుండే మంగళవారం, మధ్యలో తీసి మళ్లీ పెట్టడం కూడా దండగే కదా.

16వ తేదీ, సోమవారం

డాక్టరు గారు ఫోన్ చేశారు. నమస్కారం కూడా లేదు.

"అమ్మా, మా పన్నేదీ?"

రిహార్సలండీ అన్నాను. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు, జరిగింది చెప్పారు. రెండో తరగతి పిల్లట, వెనక పన్ను పుచ్చి బుగ్గ వాచింది. డాక్టరంటే హడలు. ఇదివరకు వచ్చినప్పుడల్లా వాళ్లమ్మ ఫోన్లో ఆ పన్ను డాన్సు చూపిస్తే, అది చూస్తూనే కుర్చీ ఎక్కేదట. నిన్న నొప్పి ఎక్కువై చూపించబోతే పన్ను లేదు. తెల్లటి పేజీ, మధ్యలో "నొప్పి లేకుండా."

"నేనే పీకేశానంటోందమ్మా. సొంత పన్నునే ఉంచుకోలేదు, నా పన్ను ఉంచుతాడా అని మంచం కింద దూరిందట."

నాకు నవ్వొచ్చింది. వచ్చిన నవ్వు మధ్యలో ఆగిపోయింది.

"రేపు పదకొండింటికి తీసుకురమ్మన్నాను," అన్నారు.

"పదకొండుకే మా వాళ్లు చూసేదండీ. మొదటి లింకు మీదే. మధ్యాహ్నం రమ్మంటే..."

"బుగ్గ వాచిన పిల్లని మధ్యాహ్నం దాకా ఆగమనే ధైర్యం నాకు లేదమ్మా. నీకుంటే వాళ్లమ్మ నంబరిస్తాను." మళ్లీ ఆయనే, "నీ పనెంత ముఖ్యమో నాకు తెలుసు. అందుకే తీసెయ్యమనడం లేదు, అడుగుతున్నాను," అన్నారు.

ఆలోచించి చెప్తానన్నాను. ఆలోచించాను. నేను పంపింది మూడు లింకులు, అందులో ఈ తెల్ల పేజీయే ప్రాణం. మిగతా రెండూ దాని వెనక నడిచేవి. ఆ పన్ను బూట్లేసుకుని లైబ్రేరియన్ మేడమ్ ముందు ఎగిరితే ఇక నేను ఇంటికొచ్చి కేకులమ్ముకోవాల్సిందే. పిల్లలు ఏడుస్తారు, ఊరుకుంటారు. లైబ్రరీ మళ్లీ అడుగుతుందా?

వదినకి చెప్పాను. వదిన బట్టలు మడతపెడుతూ విన్నది, ఏమీ అనలేదు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఏమీ అనకపోతే నాకు భయమేస్తుంది.

"ఏదో ఒకటి అను వదినా."

"నేనేమంటాను? నీ సైటా, ఆయన సైటా?"

అంతే అంది. దుప్పటి కొస ఒకటి నా చేతికిచ్చింది, ఇద్దరం కలిసి మడతపెట్టాం. నాకు చాలా కోపం వచ్చింది, ఎవరి మీదో తెలీలేదు.

డాక్టరు గారికి నేనే ఫోన్ చేశాను. పెట్టేస్తున్నానండీ అన్నాను. ఆయన ఇంకా ఏదో చెప్పాలని నసుగుతున్నారు.

"ఆ పిల్లకి చెప్పానమ్మా, ఊడింది పాలపన్ను, మళ్లీ మొలుస్తుంది అని. పాలపన్ను పోయాక వచ్చేది పెద్దదే వస్తుంది కదా. అందుకని..."

"అందుకని?"

"కొంచెం పెద్దది చెయ్యమ్మా."

చేశాను. చేతులారా చేశాను. చేస్తూ చేస్తూ ఆ ఎడమకాలు కూడా సరిచేశాను. ఎలాగూ పరువు పోతోంది, తాళంలో పోనీ.

17వ తేదీ, మంగళవారం

వరసగా రాస్తాను.

అక్కడ ఇద్దరే ఉన్నారు. లైబ్రేరియన్ మేడమ్, పిల్లల గది చూసుకునే ఆవిడ. తెర మాత్రం గోడంత ఉంది. ఇంత తెర ఉంటుందని నేననుకోలేదు. మొదటి లింకు నొక్కారు. గోడంత పన్ను, గోడంత బూట్లు.

పిల్లల గది ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మేడమ్ కళ్లజోడు సర్దుకున్నారు.

"ఇది మీరు చేసిందేనా?"

"ఎడమకాలు నేనే చేశానండీ."

ఇక దాచడానికి ఏముంది. తెల్ల పేజీ, రిహార్సలు, మంచం కింద పిల్ల, అన్నీ చెప్పేశాను. రెండో లింకు తెరిచేసరికి "ఇక్కడ తియ్యగా రెండు ముక్కలు రాయాలి" అని వచ్చింది, దాని గురించీ చెప్పాను. చెబుతుండగానే నా ఫోన్ మోగింది. మామూలుగా అయితే ఎత్తేదాన్ని కాదు, కానీ ఏనుగు మధ్యాహ్నానికి ఇవ్వాలి.

"నవ్వుతోందండీ. తొండం పైకే ఉంది. మూడింటికి రండి," అని పెట్టేశాను.

మేడమ్ మళ్లీ మొదటి లింకు తెరిచారు. పన్ను పని పన్ను చేసుకుపోతోంది, తాళం తప్పకుండా.

"రేపు మా వాళ్లు కూడా మీ సైటులో చేతులు పెడతారు," అన్నారు మేడమ్. "అప్పుడేం చేస్తారు?"

మంచి జవాబులు చాలానే తయారుచేసుకుని వెళ్లాను. ఒక్కటీ ఈ ప్రశ్నకి పనికొచ్చేది కాదు.

"ముందు ఏడుస్తానండీ. తర్వాత వచ్చి చూస్తాను."

ఆవిడ ఏదో రాసుకున్నారు. పిల్లల గది ఆవిడ మాత్రం నా కాగితం మీద పేరునే చూస్తోంది. "ఈ పేరు ఎక్కడో... కిటికీ పక్క బల్ల మీద ఉన్నది..." గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ అడక్కముందే చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"మీరేనా? ఎందుకు చెక్కారు?"

"ఖాళీగా ఉంది కదా అని అండీ."

అనేశాక తెలిసింది ఆ మాట ఎవరిదో. అద్దం నోట్లో పెట్టించుకుని మరీ విన్నాను కదా, అచ్చం అదే. ఆ బల్ల నున్నగా ఉండేది, ఎవరో రోజుల తరబడి చిత్రిక పట్టి ఉంటారు. అందుకే నాకు అంత నచ్చింది. అందుకే చెక్కాను.

బయటికి రాగానే నవ్వొచ్చింది. పని పోయిందని తెలుస్తూనే ఉంది, నవ్వు మాత్రం ఆగడం లేదు. బస్సులో పక్కావిడ లేచి వేరే సీటుకి వెళ్లిపోయింది. ఇంటికి పోకుండా తిన్నగా డాక్టరు గారి దగ్గరికి పోయాను.

పిల్ల కుర్చీలోనే ఉంది. పని అయిపోయింది, బుగ్గలో దూది, చేతిలో వాళ్లమ్మ ఫోను. ముందు పన్ను కూడా ఊడి ఉంది, కిటికీలా. డాక్టరు గారు నన్ను చూపించి, "మళ్లీ మొలిపించింది ఈ అక్కే," అన్నారు.

పిల్ల నన్ను పైనుంచి కింద దాకా చూసింది. "ఇంతకుముందుకంటే పెద్దగా వచ్చింది," అంది, దూది పక్కకి నెట్టుకుని.

"అవును."

"డాన్సు కూడా బాగా వస్తోంది."

నా జీవితంలో ఎవరూ నా పనిని ఇంత జాగ్రత్తగా చూడలేదు. అవునన్నట్టు తలూపాను.

"నాది కూడా ఇలాగే వస్తుందా?"

"వస్తుంది."

"బూట్లతోనా?"

"బూట్లు విడిగా కొనుక్కోవాలి," అన్నారు డాక్టరు గారు.

ఇంటికొచ్చి అక్క నంబర్లు పెట్టాను, రెండూ. చెర్రీలు రాల్చాను. మాస్టారి హారన్ మోగించాను.

18వ తేదీ, బుధవారం

లైబ్రరీ నుంచి ఫోన్ రాలేదు. ఆ పని నాకు మరీ అంత ముఖ్యమేమీ కాదు.

19వ తేదీ, గురువారం

ముఖ్యమే.

20వ తేదీ, శుక్రవారం

ఫోన్ మోగింది. నంబరు మార్చినా పాత అలవాటు మీద జనం ఇంకా నాకే చేస్తున్నారు, నాకూ అలవాటైపోయింది.

"కేకుల షాపండీ, ఏం కావాలి?"

"సైటు కావాలండీ," అంది అవతలి గొంతు.

లైబ్రేరియన్ మేడమ్. నేను లేచి నిలబడ్డాను, తర్వాత కూర్చున్నాను, మళ్లీ లేచాను. మిగతా ఇద్దరూ ఎవరూ చెయ్యి పెట్టకుండా తాళం వేసి ఇస్తామన్నారట. "మా దగ్గర చెయ్యి పెట్టనివాళ్లు లేరమ్మా. మీరు ఏడుస్తానన్నారు, ఆ మాట నమ్మబుద్ధయింది," అన్నారు. పెట్టేసేముందు, "మా బల్ల మీద మీ పేరుంది, మీ సైటు మీద మా చేతులుంటాయి. చెల్లుకు చెల్లు," అన్నారు.

వాషింగ్ మెషీన్ ఆఖరి చుట్లు గిరగిరా తిరుగుతోంది, బాల్కనీ అంతా అదురుతోంది, దాంతోపాటు నేనూ గెంతాను. వదిన వచ్చి చూసి, ఎడమకాలు తాళం తప్పుతోందంది. మా ఇంటి కాలే అంత.

సాయంత్రం కూర్చుని నా పనుల పేజీ తెరిచాను. మూడు సైట్లూ ఇప్పుడెలా ఉన్నాయో అలాగే ఉంచాను, పన్నుని అన్నిటికంటే పైన పెట్టాను. "రూపకల్పన: నేను" అన్నది మూడుచోట్లా కొట్టేసి, "మొదలుపెట్టింది: నేను" అని రాశాను. చిన్న అక్షరాలతో, అణకువగా.

వదిన నా భుజం మీదుగా వంగి చూసింది. బాగుంది కానీ కనబడి చావడం లేదు, కొంచెం పెద్దవి చెయ్యి అంది.

చేశాను.